సాక్షి కప్ప

మొన్న మా చెల్లెను పట్నంల పెద్ద దవాఖానకు తోల్కపోయిన. దానికి కడుపుల కేన్సరు. మందు మొదలువెట్టి మూడు నెల్లయింది. చిన్న వయసు డాక్టరొకాయన కాయితం చూపిచ్చి, "రక్తంలో బయోమార్కర్ తగ్గిందమ్మా, మందు పనిచేస్తున్నది" అన్నడు. అందరికీ పానం నిమ్మళమైంది. నేను మాత్రం ఊకోలె. ముప్పై ఏండ్లు బడిల ఒర్రిన నోరాయె, ఊకొమ్మంటె ఊకోదు.

"మంచిదే బిడ్డా. పక్కన సాక్షిని వెట్టి చూసిన్రా?" అన్న.

ఆయనకు సమజ్ కాలె. "సాక్షి ఎవరమ్మా?"

"రోగం ఉన్నదని మనకు ముందుగాలనే తెలిసిన రక్తం. దాన్ని గూడ మీ మిషన్ల వెట్టిన్రా? అది ఉన్నదంటెనే కద, మా చెల్లెకు తగ్గిందన్న మాట నమ్మేది."

ఆ పిల్లగాడు నా దిక్కు కొత్తగ చూసిండు. దినాం పొద్దుగాల గట్ల వెట్టినంకనే పని మొదలువెడ్తమని చెప్పిండు. "మీరు ల్యాబుల పనిచేసిన్రా అమ్మా?" అని అడిగిండు.

నేను పనిచేయలె. ఒకప్పుడు నా బతుకే ల్యాబు బల్ల మీద ఉండె. ఆ బల్ల ఎనుక కూసున్న మనిషి, వాపసు వచ్చే తొవ్వంత బస్సుల నా మనసులనే ఉన్నడు. గందుకే గిది రాస్తున్న.

ఆయన పేరు రాయను. ఎవరి సంగతి వాళ్లకే చెప్పాలె, ఇంకొకలకు చెప్పొద్దు అన్నది ఆయన పట్టుదల. ఆయన విషయంల నేను గూడ గంతే. ఊర్లల్ల ఆయనను కప్పల సారు అంటుండ్రి.

నార్కట్‌పల్లి దాటినంక సడకు పక్కన అప్పట్ల ఒక చిన్న క్రైస్తవ మిషన్ దవాఖాన ఉండె. ఇప్పుడు లేదు, ఆ జాగల లారీలు ఆగే హోటలు ఉన్నది. ఆ దవాఖాన ఎనుక రేకుల అర్ర ఆయన ల్యాబు. అర్ర బయట నీడకు వరుసగ మట్టి గోలేలు, వాటిల తడి ఇసుక, పైన వెదురు గంపలు. గంప లేపితే ఒక్కొక్కదాంట్ల ఒక్కొక్క గోదురు కప్ప, కాలికి రంగు దారంతోని కూసోని ఉంటుండె.

ఎందుకంటరా. ఆడామె కడుపుతోని ఉన్నదా లేదా అని తొలి నెలలల్ల తెల్వాలంటె అప్పట్ల కప్పలే దిక్కు. ఆమె పొద్దుగాల పోసిన ఒంటేలు వడగట్టి, మగ కప్ప వీపు తోలు కింద సూదితోని ఎక్కిస్తరు. కడుపు ఉంటె ఆ ఒంటేలుల ఒక తీరు హార్మోను ఉంటది. దానికి మూడు నాలుగు గంటలల్ల మగ కప్ప బీజం విడుస్తది. దాని నీళ్లు ఒక చుక్క అద్దం మీద వెట్టి మైక్రోస్కోపు కింద చూస్తె కదులుత కనవడ్తది. కదిలితె ఉన్నట్టు, కదలకపోతె లేనట్టు.

సారుది కొల్లాపూర్ దిక్కు, కృష్ణ ఒడ్డు. నిజాం కాలంల ఉర్దూల చదువుకున్నోడు. సన్నగ, పొడుగ్గ ఉంటుండె. తెల్ల పైజామ, మోకాళ్ల దాక అంగీ, భుజం మీద ఒక తువాల. కప్పలను మియా అని పిలుస్తుండె. సూది గుచ్చే ముందుగాల "మాఫ్ కర్నా మియా" అని ప్రతిసారి అంటుండె. పనిచేసిన కప్పకు మూడు వారాలు చుట్టీ, ఎవరు వచ్చి మొత్తుకున్నా ఆ కప్పను ముట్టనియ్యడు. ఆయన మాత్రం పండుగనాడు గూడ చుట్టీ తీస్కున్నది నేను చూడలె.

అంగీ జేబుల అగ్గిపెట్టె ఉంటుండె. ఒకసారి బస్సుల పక్కనున్న ముసలాయన బీడీ నోట్ల వెట్టుకోని, "జర అగ్గిపెట్టె ఇయ్యరాదు పటేలా" అన్నడు. సారు పరధ్యానంల ఉండి ఇచ్చిండు. ముసలాయన తెరిచిండు, నాలుగు బొద్దెంకలు ఆయన ధోతి మీదికి ఎక్కినయి. సారు గాబరపడి, "జర నిమ్మళం, జర నిమ్మళం, అవి మియాల బువ్వ" అనుకుంట సీట్ల కింద దేవులాడిండు. బస్సంత కాళ్లు పైకి వెట్టుకోని కూసున్నది.

నేను ఆయన తానికి ఎట్ల పోయిన్నంటె, అప్పుడు నాకు ఇరవై రెండేండ్లు. మా బాపు దొర కాడ జీతమున్న మనిషి. నేను మిషన్ హాస్టల్ల చదివి రామన్నపేటల పంతులమ్మనైన. మా ఆయన సమితి ఆఫీసుల పనిచేస్తుండె. పెండ్లయిన మూడేండ్లకు తొలి కడుపు. నాలుగో నెలకే ఆరో నెల లెక్క పెరిగింది, వాంతులతోని మంచం పట్టిన, ఒకనాడు ఎర్రబట్టయి నెత్తురు ఆగలె. దవాఖానకు పోతె లోపట బిడ్డ లేదు. నానవోసిన సగ్గుబియ్యం అసుంటి గింజలు, గిన్నెడు. ముత్యాల గర్భం అంటరట. ఏడ్వొస్తలేదు, నవ్వొస్తలేదు.

ఆ దవాఖాన డాక్టరమ్మది గుంటూరు దిక్కు. మెత్తగ మాట్లాడేది. కడుపు కడిగేసినంక నన్ను కూసోవెట్టి చెప్పింది. "ఇందులో ఒక్క ముక్క లోపల మిగిలినా అది కేన్సరుగా మారొచ్చమ్మా. కడుపుకి వచ్చే హార్మోనే దానికీ వస్తుంది. అందుకని నెలనెలా మా సారు దగ్గర పరీక్ష చేయించుకోవాలి. రెండేళ్లు మళ్లీ గర్భం రాకూడదు. మన కప్పలు లేదంటూ ఉంటే నువ్వు క్షేమం."

గట్ల నా పానం కప్ప చేతికి పోయింది.

తొలిసారి కొబ్బరినూనె సీసల ఒంటేలు తీస్కపోయిన. సారు బిరడ తీసి వాసన చూసి నా చేతుల వెట్టిండు. "గిది ఎక్కిస్తె మా మియా సస్తడు. వేడినీళ్లతోని కడిగిన సీస తీస్కరా పో" అని కసిరిండు. పంతులమ్మనని గూడ చూడలె. నేను మొకం ముడుచుకోని మల్ల బస్సు ఎక్కిన.

రెండోసారి మంచి సీసనే, మా ఆయన గూడ తోడొచ్చిండు. నాలుగు గంటలు అర్ర బయట బల్ల మీద కూసోవాలె. గప్పుడే ఆయన కప్పను ఎట్ల పట్టాలె, మగదాన్ని ఎట్ల గుర్తుపట్టాలె అన్నీ చూపిచ్చిండు. చంకల కింద రెండు వేళ్లతోని నొక్కితె మగది మొరపెడ్తది, ఆడది ఊకుంటది. "మనుషులల్ల గిట్ల కాదు గద సారూ" అని మా ఆయన అన్నడు. సారు నవ్వలె. ఆయనకు నవ్వులాట మాటలు జర ఆలస్యంగ ఎక్కుతుండె. నాలుగు గంటలయినంక సారు కాయితం తీస్కోని వస్తుంటె మా ఆయన చెయ్యి చాపిండు. ఆయనకు ఇయ్యలె.

"ఒంటేలు ఎవరిది?"

"మా ఇంటామెది."

"అయితె మాట గూడ ఆమెదే" అని నాకు ఇచ్చిండు. మా అత్తకు ఈ సంగతి తెలిసి, "మొగని చేతికియ్యక గదేం తీరు" అని ఆయన మీద రెండు నెల్లు కోపం వెట్టుకున్నది.

ఇంకొక అలవాటు ఉండె ఆయనకు. మంచి కబురు అయితె తలుపు కాడ నిలవడి, చేతులు తువాలకు తుడుచుకుంట చెప్తడు. చెడ్డ కబురయితె వచ్చి పక్కన కూసుంటడు. బల్ల మీద కూసున్న ఆడోళ్లందరికి గిది ఎరుకే. ఆయన వస్తుంటె మేము మొకం చూడం, మోకాళ్లు చూస్తం.

చలికాలం వచ్చేటాలకు కప్ప లేదన్నది. మాఘం, ఫాల్గుణం, ప్రతి నెల లేదు. నాకు ధైర్యమొచ్చింది. ఎండకాలం ఆఖరుకు దగ్గు వట్టింది, నెల తప్పి నడుమ నడుమ మైల కనవడ్డది. భయపడుకుంట పోయిన. సారు పరీక్ష చేసి నిలవడే చెప్పిండు, లేదని. "దగ్గు దుమ్ముకి వచ్చి ఉంటుంది, కంగారు పడకు" అన్నది డాక్టరమ్మ. ఇంటికొచ్చి గట్టిగ అన్నం తిని పన్న.

మూడొద్దులకు, మిరుగం కార్తె వెళ్లి వారమైనా చినుకు లేని ఎండల, మిట్టమధ్యాహ్నం సారు మా ఇంటి ముందల నిలవడ్డడు. చేతుల రేకు డబ్బ, తల మీద తువాల. నార్కట్‌పల్లి నుంచి చిట్యాల దాక బస్సు, అక్కడి నుంచి దొరికిన బండి, మిగిలినంత నడక. మొకమంత కమిలిపోయింది.

"ఏంది సారూ, గింత ఎండల?"

"జర కూసుంట పంతులమ్మా" అని గడప పక్కన నేల మీద కూసున్నడు.

మడిచిన ఆయన మోకాళ్లే చూసిన.

"మొన్న నేనిచ్చిన కాయితం వాపసు ఇయ్యి. తప్పు రాసిన" అన్నడు. గొంతు మామూలుగనే ఉన్నది గని కండ్లు ఎత్తలె. "నిన్న ఒకామె వచ్చింది, ఐదో నెల. బిడ్డ కదులుతున్నది. ఆఫీసుల సెలవుకు కాయితం కావాల్నంటె పరీక్ష చేసిన. కప్ప లేదన్నది. ఇంకొక కప్పకు ఎక్కిచ్చిన, అదీ లేదన్నది. ఎండలకు మియాలు మొద్దువారిన్రు, నేను చూస్కోలె. కండ్ల ముందలున్న కడుపును లేదన్న కప్ప, నీ లోపటున్నదాన్ని లేదంటె ఎట్ల నమ్ముత?"

మా అత్త చెంబుతోని నీళ్లు తెచ్చింది. "గింత దూరం నువ్వు రావాల్నా అయ్యా? కండక్టరుకు చెప్పి కబురు పంపితె పోయేది గద."

"తప్పు నాది అవ్వా. దాన్ని కండక్టరు చేతికిచ్చి పంపుతనా" అన్నడు.

ఆ వారంల లేదని కాయితాలు నలుగురికి ఇచ్చిండట. ముగ్గురి ఇండ్లు తిరిగి వచ్చిండు, నాది ఆఖరుది. ఒక్కొక్క ఇంట్ల ఏమేం మాటలు వడ్డడో చెప్పలె. అప్పటిదాక నాకు ఆయన మీద గౌరవమే. ఆ గడప కాడ మాత్రం, నాకు కోపం రావాల్సిన తావుల, ఏడుపొచ్చింది. సర్కారు మనిషి గానీ, దొర గానీ, బడి హెడ్‌మాస్టరు గానీ, తప్పు రాసిన్నని మా అసుంటోళ్ల ఇంటికి నడిచి వచ్చిన మనిషిని నేను అంతకుముందు చూడలె. ఆ తర్వాత గూడ చూడలె.

గప్పుడే వాడకట్టు ఆడోళ్లు కప్పతల్లితోని వచ్చిన్రు. వానలు రాకుంటె రోకలికి యాపమండలు కట్టి, తడిబట్టల కప్పను కట్టి, ఇల్లిల్లు తిరుగుతరు. ఇంటామె బిందెడు నీళ్లు దాని మీద వోస్తది. మా అత్త గూడ వోసింది. సారు లేచి దగ్గరికి పోయి వంగి చూసిండు. పొద్దటి నుంచి ఊరి నీళ్లన్నీ తాగిన కప్ప, బట్టల తన్నులాడుతున్నది.

"అవ్వా, జర ఇటిస్తవా" అని రెండు వేళ్లతోని చంకల కింద పట్టిండు. అది గట్టిగ మొరపెట్టింది.

"మొగది" అన్నడు.

ఆడోళ్లు నోటికి కొంగు అడ్డం వెట్టుకున్నరు. "తల్లి మొగోడెట్లయితడయ్యా" అని రోకలి పట్టిన ముసలామె కోపానికొచ్చింది. సారుకు అవన్నీ చెవిన వడలె. "గీ మియా మస్తు హుషారున్నడు. నాకు ఇయ్యండ్రి. మూడొద్దులకు ఇదే జాగల ఇడుస్త" అన్నడు.

"వానకు మొక్కినం. ఇచ్చుడు కుదరదు."

మా అత్త ముందలికి పోయి రోకలి మీది ముడి ఇప్పింది. కప్పను ఆ తడిబట్టతోనే తెచ్చి సారు డబ్బల వెట్టింది. "వాన నాలుగొద్దులు ఎనుక వచ్చినా ఏం కాదు. ముందుగాల నా కోడలు సంగతి చూడు" అన్నది. వాన పది దినాలకు గాని రాలె. వాడకట్టోళ్లు చాన దినాలు మా అత్తనే అన్నరు. ఆమె పట్టించుకోలె.

తెల్లారి సీస తీస్కోని పోయిన. సారు కప్పలన్నిటిని గోలేలల్ల నుంచి తీసి, దవాఖాన దిగుడుబావిల ఆఖరి మెట్టు మీద తడి గోనెసంచులల్ల వెట్టిండు. రాత్రంత చల్లకు అవి మల్ల పానం పోస్కున్నయి. బల్ల మీద రెండు గిన్నెలు వెట్టిండు. ఒకదాంట్ల ఆయన కప్ప, దానికి ఎవరో కడుపుతోనున్న ఆమె ఒంటేలు. రెండోదాంట్ల మా వాడకట్టు కప్ప, దానికి నాది.

"గీ మొదటిది సాక్షి" అన్నడు. "ఇది ఉన్నదనాలె. ఇది అబద్ధమాడితె రెండోదాని మాట గూడ వినం. ఇగ బతికినన్ని దినాలు నేను సాక్షి లేకుంట కాయితం రాయ."

"ఆమె ఎవరు సారూ?"

"ఒంటేలు ఎవరిదో మాట వాళ్లదే" అన్నడు.

సాక్షి ఉన్నదన్నది. నాది గూడ ఉన్నదన్నది. నా ఒంటేలును పదింతలు నీళ్లు కలిపి ఇంకొక కప్పకు ఎక్కిచ్చిండు, వందింతలు కలిపి మరొకదానికి ఎక్కిచ్చిండు. అన్నీ ఉన్నదనే అన్నయి. పొద్దు వంగినంక ఆయన వచ్చి, బల్ల మీద నా పక్కన కూసున్నడు.

"పంతులమ్మా, ఉన్నది. మస్తుగ ఉన్నది. నీళ్లు కలిపినా దాగుత లేదు" అన్నడు. "గని గిది మందుకు లొంగే కేన్సరట. డాక్టరమ్మ పుస్తకాలు తిప్పింది, కొత్త మాత్రలు వచ్చినయట. నువ్వు మందు మింగు. అది లోపట తగ్గుతున్నదా లేదా నేను చూస్త. అది నా మీద ఇడిసిపెట్టు."

ఫోటో తీస్తె ఊపిరితిత్తుల మీద మచ్చలున్నయి. దగ్గు దుమ్ముది కాదు. పట్నం దవాఖానల మాత్రలు మొదలువెట్టిన్రు. ఐదొద్దులు మింగుడు, మల్ల కొన్నొద్దులు ఆగుడు. నోరంత పుండ్లు, జొన్న గట్క గూడ దిగేది కాదు. ఎంటికలు దువ్వెనతోని వచ్చినయి. ఒక్కొక్క విడత అయినంక సీస తీస్కోని సారు కాడికి పోతుంటి. ఆయన కాయితం మీద రెండు వరుసలు రాస్తుండె. పైన: సాక్షి, ఉన్నది. కింద, నా పేరు జాగల ఊరి పేరు: రామన్నపేట, వందింతలకు లేదు, పదింతలకు ఉన్నది. ఆ కాయితం చూసే పట్నం డాక్టరు మందు రాస్తుండె.

మూడో విడత అయినంక నీళ్లు కలపకుంటెనే ఉన్నదన్నది, కలిపితె లేదన్నది. దగ్గు పోయింది. నేను సారు ముందల చేతులు జోడిచ్చిన. "ఇగ సాలు సారూ. నాతోని కాదు. ఫోటోల గూడ మచ్చలు లేవంటున్నరు. నీ కాయితంల లేదని రాయి, ఇంటికి పోత."

ఆయన మైక్రోస్కోపు కాడికి నన్ను పిలిచిండు. "నువ్వే చూడు. పంతులమ్మవు గద, ఉన్నది ఉన్నట్టు చెప్పు."

చూసిన. మసకల, ఒక్కటొక్కటి, సన్నగ కదులుతున్నయి. చూసినంక అబద్ధమాడ బుద్ధి కాలె.

"ఉన్నయి" అన్న.

"ఉన్నయి" అన్నడు ఆయన. "మందు ఆపితె అది మల్ల లేస్తది. ఇంకొక విడత."

ఇంకొకటి కాదు, ఇంక రెండు వట్టినయి. ఐదో విడత అయినంక నేను బల్ల మీద తల మీద కొంగు కప్పుకోని కూసున్న. తలుపు చప్పుడైంది. నేను మోకాళ్లు చూసిన. అవి వంగలె. ఆయన తువాలకు చేతులు తుడుచుకుంట నిలవడ్డడు. "సాక్షి ఉన్నదన్నది. నువ్వు లేదు" అన్నడు. నువ్వు లేదు అన్న మాటకు అంత సంబురపడ్డ మనిషిని నేనే అయి ఉంట.

మా వాడకట్టు కప్పను మాత్రం మాట ప్రకారం ఎప్పుడో మా ఇంటి ముందలనే ఇడిసిండు. రోకలి ముసలామెను పిలిచి, ఆమె చూస్తుంటెనే ఇడిసిండు.

ఆ తర్వాత రెండేండ్లు, నెలకొకసారి, లేదు. మూడో ఏడు నెల తప్పింది. కప్ప ఉన్నదన్నది. సారు నిలవడలె, కూసోలె, నడుమ గుంజను పట్టుకోని ఉన్నడు. అట్ల ఆయనను ఎన్నడు చూడలె. వందింతలు కలిపిండు, కప్ప ఊకున్నది. "మంచి గుర్తే, గని ఇంక మాట ఇయ్య" అన్నడు. ఐదో నెలల డాక్టరమ్మ గొట్టం కడుపు మీద వెట్టి, నవ్వి, "గుండె కొట్టుకుంటోంది" అన్నది. బిడ్డే.

ఆనాడు దవాఖాన బయట బల్ల మీద ఒకామె కూసోని ఉన్నది. దేవరకొండ దిక్కు గొల్లోళ్ల ఆమె. తల మీద కొంగు, పెదువుల కొసలకు పుండ్లు. చూడంగనే నాకు ఎరుకైంది. సారు నన్ను పక్కకు పిలిచిండు. ఆడోళ్ల ఒంటేలు అడిగేటందుకు ఏనాడు సిగ్గువడని మనిషి, ఆనాడు తువాల కొస ముడేసి ఇప్పుకుంట నిలవడ్డడు.

"పంతులమ్మా, ఆమెది ఆరో విడత. ఇయ్యాల లేదంటె ఆమె ఇంటికి పోవచ్చు. సాక్షికి ఎవరు లేరు. నువ్విస్తవా?"

సీస కడిగి ఉన్నదా అని అడిగిన. ఆయన జర ఆలస్యంగ నవ్విండు.

నా సీస మీద పేరు రాయలె, సాక్షి అని రాసిండు. నేను పోయి ఆ గొల్లామె పక్కన కూసున్న. "నువ్వెందుకు వచ్చినవక్కా?" అని అడిగింది. "ఊకెనే" అన్న. నాలుగు గంటలు కూసున్నం. ఆమె తన గొర్ల సంగతి చెప్పింది, నేను బడి సంగతి చెప్పిన. చెప్పుకుంటనే ఇద్దరం తలుపు దిక్కే చూస్తున్నం.

తలుపు తెరిచి సారు వచ్చిండు. మేమిద్దరం ఆయన మోకాళ్లు చూసినం.

నిలవడ్డడు.